అత్తగారిని, మామగారిని పల్లెటూరి పబ్బుకు తీసుకెళ్లవచ్చా?

గోదారిగట్టు | సోమవారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మేం ఉండేది రెడింగ్‌లో. తణుకు నుంచి అత్తగారు, మామగారు వచ్చి మూడు వారాలైంది. మా ఆఫీసులో అరవై దాటిన ఒక పెద్దమనిషి ఉన్నారు, నాకు పని నేర్పినాయన. వచ్చే ఆదివారం మధ్యాహ్నం మా కుటుంబం మొత్తాన్ని తమ ఊరి పబ్బులో భోజనానికి పిలిచారు. బెర్క్‌షైర్‌లో చిన్న పల్లె అది. ఒక చర్చి, ఒక పబ్బు, నలభై యాభై ఇళ్లు.

చిక్కు ఏమిటంటే, అత్తగారు శుద్ధ శాకాహారి. గుడ్డు కూడా ముట్టరు. ఆవిడకు పబ్బు అంటే హైదరాబాద్ టీవీ వార్తల్లో చూపించే చీకటి గది, రంగు దీపాలు, పోలీసు దాడి. మామగారు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు, ఆయనకు అన్నీ చూడాలనే ఉంటుంది. బాబుకు ఎనిమిదేళ్లు. పిల్లవాణ్ణి రానిస్తారా? అక్కడ మర్యాదలు ఏమిటి? నేను ఇక్కడికి వచ్చి రెండేళ్లే. ఊళ్లో పెద్ద కంపెనీలు నడిపే పబ్బులకు తప్ప ఇలాంటి చోటికి ఎప్పుడూ వెళ్లలేదు.

రెడింగ్‌వాసి | సోమవారం, రాత్రి 10:02

నిశ్చింతగా తీసుకెళ్లండి. ఆ మాట పూర్తి రూపం ‘పబ్లిక్ హౌస్’. నలుగురి కోసం తెరిచిన ఇల్లు అన్నమాట. పల్లెటూళ్లలో చాలావరకు చూడ్డానికీ ఇల్లులాగే ఉంటుంది. తల తగిలే దూలాలు, చలికాలమైతే పొయ్యిలో కట్టెల మంట, ఆ పొయ్యి ముందు ఎవరిదో కుక్క. పెద్దలతో వస్తే పిల్లలను రానిస్తారు. ఆదివారం మధ్యాహ్నమైతే సగం బల్లల దగ్గర మూడు తరాలవాళ్లు కూర్చుని కనిపిస్తారు.

నేను తిన్న ఎదురుదెబ్బలు మీకు తగలకుండా నాలుగు మాటలు. మొదటిసారి వెళ్లినప్పుడు బల్ల దగ్గర కూర్చుని ఇరవై నిమిషాలు ఎదురుచూశాను. ఎవరూ రాలేదు. మన రంగును బట్టి పట్టించుకోవడం లేదేమో అని మనసులో కోపం కూడా తెచ్చుకున్నాను. తీరా చూస్తే అక్కడ ఎవరి దగ్గరికీ ఎవరూ రారు! కౌంటరు దగ్గరికి మనమే వెళ్లి చెప్పి, డబ్బు కట్టి, గ్లాసులు మనమే తెచ్చుకోవాలి. భోజనం మాత్రం బల్ల నంబరు చెబితే తెచ్చిపెడతారు. ఆదివారం భోజనానికి ముందే బల్ల పట్టి ఉంచాలి, ఆ పని మీ పెద్దాయన చేసే ఉంటారు.

కౌంటరు దగ్గర వరుస కనిపించదు, కానీ ఉంటుంది. ఎవరి తర్వాత ఎవరో పోసేవాళ్లకు తెలుసు, నిలబడ్డవాళ్లకూ తెలుసు. మీ వంతు కాకుండా మిమ్మల్ని అడిగితే “ఈయన నాకంటే ముందు వచ్చారు” అని పక్కవారిని చూపించండి. ఆ ఒక్క మాటతో మీ మీద గౌరవం పెరుగుతుంది. నోటు పైకెత్తి ఊపడం, చిటికె వేయడం మహాపాపం.

ఇంకొకటి, వంతులు. నలుగురు కలిసి వెళ్తే ఎవరి గ్లాసు వారు కొనుక్కోరు. ఒకరు నలుగురికీ కొంటారు, తర్వాత ఇంకొకరు. ఆయన మొదటి వంతు కొంటే రెండోది మీరు లేచి కొనాలి. మీరు తాగేది నిమ్మరసం సోడా అయినా సరే. తాగకపోతే తప్పు లేదు, వంతు ఎగ్గొడితే పదేళ్లయినా గుర్తుంచుకుంటారు.

పప్పుచారు | సోమవారం, రాత్రి 10:40

తిండి సంగతి నాకు వదిలేయండి, పదకొండేళ్లుగా ఈ దేశంలో శాకాహారిగా బతుకుతున్నాను.

ఆదివారం అక్కడ దొరికేది ‘సండే రోస్ట్’. ఓవెన్‌లో కాల్చిన గొడ్డు మాంసమో, గొర్రె మాంసమో, కోడో, పక్కన బంగాళాదుంపలు, క్యారెట్, క్యాబేజీ, వాటి మీద గ్రేవీ. శాకాహారులకు జీడిపప్పు, అక్రోట్ల వంటి పలుకులు రుబ్బి కాల్చిన ‘నట్ రోస్ట్’ పెడతారు. పేరు చూసి మురిసిపోకండి. చాలాచోట్ల అది గుడ్డుతో కలిపి కట్టిన ముద్ద. యార్క్‌షైర్ పుడ్డింగ్ చూడ్డానికి పొంగిన పూరీని మధ్యలో నొక్కినట్టు ముచ్చటగా ఉంటుంది. అందులోనూ గుడ్డే. గ్రేవీ మాంసం ఊటతో చేస్తారు, శాకాహార గ్రేవీ వేరే అడగాలి. బంగాళాదుంపలను కొన్నిచోట్ల బాతు కొవ్వులోనో గొడ్డు కొవ్వులోనో కాలుస్తారు. చీజ్ కూడా కొన్ని రకాలు దూడ పొట్టలోని పదార్థంతో విరగ్గొడతారు.

భయపెట్టడానికి చెప్పడం లేదు. రెండు రోజుల ముందే ఫోను చేసి, ‘మాంసం, చేప, గుడ్డు, జంతువుల కొవ్వు వద్దు’ అని పేరుపేరునా చెప్పండి. ‘వీగన్’, అంటే పాలు కూడా ముట్టనివారు, అన్న మాట వాడితే వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. అత్తగారికి పాలు, పెరుగు పరవాలేదు కదా, ఆ తేడా తర్వాత చూసుకోవచ్చు. మీ జాగ్రత్తకు ఒక ఆవకాయ సీసా సంచిలో పెట్టుకోండి.

రెడింగ్‌వాసి | సోమవారం, రాత్రి 10:55

సీసా సంచిలో ఉంటే ఉండనివ్వండి, బల్ల మీదికి మాత్రం రానివ్వకండి! అన్నం వండి అమ్ముకునే చోట మన తిండి విప్పడం మర్యాద కాదు.

పాతచింతకాయ | మంగళవారం, ఉదయం 7:15

నన్ను తిట్టుకున్నా సరే, ఒక మాట. తాగే చోటుకు ‘నలుగురి ఇల్లు’ అని పేరు పెట్టి, పొయ్యి, కుక్కపిల్ల అని వర్ణించినంత మాత్రాన అది తాగే చోటు కాకుండా పోతుందా? మన ఊళ్లో బెల్టు షాపు ముందు బెంచీ మీద ముసలివాళ్లు కూర్చుంటే దాన్ని చూసి ముక్కు మూసుకుంటాం. అదే పని తెల్లవాళ్లు ఓక్ బల్ల మీద చేస్తే సంప్రదాయమా? ఎనిమిదేళ్ల పిల్లవాణ్ణి తీసుకెళ్లి ఏం నేర్పుతారు?

నెల్లూరమ్మాయి | మంగళవారం, మధ్యాహ్నం 1:20

పాతచింతకాయ గారూ, మీ ప్రశ్న నాకు కొత్తది కాదు. మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన కథ మా ఇంట్లో అమ్మమ్మ నోట వంద సార్లు విన్నాను. రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్న కూలి ఆడవాళ్లు మొదలుపెట్టిన ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా పోయింది, 1995లో మొత్తం మద్యమే నిషేధమైంది. 1997లో మళ్లీ వచ్చిందనుకోండి. కాబట్టి మందు అన్న మాటకు మా ఇంట్లో ఉన్న బరువు నాకు తెలుసు.

అయినా మీ పోలికను ఒప్పుకోను. దూబగుంటవాళ్ల కడుపుమంట సారా పాకెట్‌లో ఉన్న నీళ్ల మీద కాదు. పగలంతా చేసిన కూలి డబ్బు సాయంత్రానికి ఆ దుకాణంలోకి పోవడం మీద, ఆ దుకాణాన్ని ప్రభుత్వమే వేలం వేయడం మీద. ఆ దుకాణంలో ఆడది అడుగు పెట్టగలిగేదా? ముసలమ్మ కూర్చుని టీ తాగగలిగేదా? నేను ఇంగ్లండ్ ఉత్తరాన కంబ్రియాలో పనిచేసినప్పుడు హెస్కెట్ న్యూమార్కెట్ అనే ఊరు చూశాను. ‘ఓల్డ్ క్రౌన్’ అనే పబ్బును 2003లో ఊరివాళ్లే వాటాలు వేసుకుని సహకార సంఘంగా కొనుక్కున్నారు. ఆ పద్ధతిలో కొన్న తొలి పబ్బుగా బ్రిటన్‌లో దానికి పేరు. మా వైపు ఊరంతా కలిసి దుకాణం మూయించింది, అక్కడ ఊరంతా కలిసి మూతపడకుండా కొనుక్కుంది. రెండు ఊళ్లూ తమకు ఏం కావాలో తెలిసే చేశాయి.

తాగి ఇల్లు గుల్ల చేసుకునేవాళ్లు ఇక్కడ లేరని నేను అనను. ఉన్నారు. నేను నర్సును, రాత్రి డ్యూటీలో చూస్తూనే ఉంటాను.

బర్మింగ్‌హామ్_బాబాయి | మంగళవారం, సాయంత్రం 6:45

రెడింగ్‌వాసి గారు ‘రంగును బట్టి పట్టించుకోవడం లేదేమో’ అన్నారు, అది చదివి రాస్తున్నాను. ఈ రోజుల్లో అది పొరపాటు అనుమానం కావచ్చు. ఒకప్పుడు అనుమానం కాదు, నిజం. మా బర్మింగ్‌హామ్ పక్కనే స్మెథిక్. పోత కర్మాగారాల్లో పనిచేసిన పంజాబీ పెద్దలు నాకు స్వయంగా చెప్పారు, కొన్ని పబ్బుల్లో మనవాళ్లకు పోసేవారు కారట. కొన్నిచోట్ల ఒక గదిలోకి రానిచ్చి, ఇంకో గదిలోకి రానిచ్చేవారు కారు. 1965 ఫిబ్రవరిలో అమెరికా నల్లవారి నాయకుడు మాల్కమ్ ఎక్స్ వచ్చి ఆ స్మెథిక్ వీధుల్లో నడిచారు. అదే ఏడాది చివర్లో వచ్చిన జాతి సంబంధాల చట్టం పబ్బుల వంటి చోట్ల ఇలాంటి వివక్షను నిషేధించింది.

తర్వాతి కథ తమాషాగా ఉంటుంది. రానివ్వని పబ్బులే దివాలా దిశకు పోతుంటే ఆ పంజాబీలే వాటిని తీసుకున్నారు. ఇప్పుడు స్మెథిక్, వెస్ట్ బ్రామ్‌విచ్ వైపు ‘దేశీ పబ్బు’ అంటే పెద్ద పేరు. ఇనుప పెనం మీద పొగలు కక్కుతూ కోడి, కబాబ్, ఉల్లిపాయలు, పక్కన నాన్, చేతిలో పైంటు గ్లాసు బీరు. తెల్లవాళ్లు మనవాళ్లకంటే ఎక్కువ వస్తారు. మీ అత్తగారిని ఇటు తీసుకొస్తే దాల్, పనీర్ కడుపునిండా పెట్టిస్తాను.

పల్లెటూరి పబ్బు సంగతి వేరు. తలుపు తోసి లోపలికి అడుగు పెట్టగానే అందరూ ఒక్కసారి తిరిగి చూస్తారు. కంగారు పడకండి, పక్క ఊరి ఇంగ్లిష్‌వాడు వచ్చినా అలాగే చూస్తారు.

గోదారిగట్టు | మంగళవారం, రాత్రి 8:30

అందరికీ ధన్యవాదాలు. ఫోను చేశాను. అవతలి అమ్మాయి ఎంతో ఓపికగా రాసుకుంది. బంగాళాదుంపలు వేరే పళ్లెంలో నూనెతో కాలుస్తారట.

ఇప్పుడు మామగారి ప్రశ్న. “ఏల్ వేరు, బీరు వేరా? మన దగ్గర దొరికే సీసా బీరుకూ దీనికీ తేడా ఏమిటి? గోరువెచ్చగా ఉంటుందట, ఎలా తాగుతారు?” ఆయన రోజూ తాగేవారు కాదు. పెళ్లిళ్లకు, ప్రాజెక్టు గెస్ట్‌హౌసులో ఎప్పుడో ఒకసారి.

పీపాశాస్త్రి | మంగళవారం, రాత్రి 9:50

ఇన్నాళ్లకు నాకు తగ్గ ప్రశ్న ఒకటి వచ్చింది.

ఏల్ కూడా బీరే. మన దగ్గర సీసాలో వచ్చేది ఎక్కువగా లాగర్. చల్లటి చోట నెమ్మదిగా పులిసి, వడకట్టి, గ్యాసు ఎక్కించి, మంచులా చల్లబరిచి ఇచ్చేది. ఏల్‌ను కొంచెం వెచ్చటి చోట తొందరగా పులియబెడతారు. పల్లెటూరి పబ్బుల్లో గొప్పగా చెప్పుకునేది పీపా ఏల్. దానిలో ఈస్ట్, అంటే పులియబెట్టే సూక్ష్మజీవి, బతికే ఉంటుంది. బీరు తయారుచేసే బ్రూవరీ నుంచి పీపా వచ్చాక నేలమాళిగలో మళ్లీ పులుస్తుంది. దాన్ని ఎప్పుడు కదపాలి, ఎప్పుడు గాలి వదలాలి, ఎప్పుడు తేటపడింది అన్నది చూసుకోవడం పబ్బువాడి పనితనం. గ్యాసు కొట్టరు, చేతి పంపు లాగి పైకి తెస్తారు. మన ఊళ్లో బోరింగు కొట్టినట్టే, కాకపోతే పిడి నున్నగా ఉంటుంది.

మామగారికి ఒక్క మాటలో చెప్పాలంటే, సీసా బీరుకూ పీపా ఏల్‌కూ ఉన్న తేడా సీసాలో పోసి నిలవ పెట్టిన కల్లుకూ పొద్దున్నే చెట్టు దింపిన కల్లుకూ ఉన్న తేడా. పీపా ఏల్, తాజా కల్లు రెండూ ప్రాణం ఉన్నవే, రెండూ ఆగవు. మామూలు పీపాలో 72 పైంట్లు పడతాయి. ఒకసారి తెరిచాక మూడు రోజుల్లో అమ్ముడుపోవాలి, తర్వాత పుల్లబడుతుంది. అందుకే జనం రాని పబ్బులో ఎనిమిది రకాల పంపులు కనిపిస్తే నేను ముట్టను. రెండు పంపులున్న చిన్న పబ్బులో కళ్లు మూసుకుని తాగుతాను.

గోరువెచ్చన అన్నది అపవాదు. నేలమాళిగ చలువ, అంటే 11 నుంచి 13 డిగ్రీలు. మన కుండ నీళ్లకంటే చల్లనే. మంచు చల్లదనం నాలుకను మొద్దుబారుస్తుంది, అప్పుడు మాల్ట్ అనే మొలకెత్తించిన బార్లీ తీపి, హాప్స్ అనే పూల చేదు తెలియవు. 1970 దశకం ముందు పెద్ద కంపెనీలు ఈ పీపా ఏల్‌ను దాదాపు మాయం చేసి గ్యాసు బీరు తెచ్చాయి. దాన్ని ఎదిరించడానికి తాగేవాళ్లే 1971లో కామ్రా అనే సంఘం పెట్టారు. ఇవాళ మీ మామగారికి అది దొరుకుతోందంటే వాళ్ల మొండితనమే కారణం.

పైంటు అంటే 568 మిల్లీలీటర్లు. ఆయనకు సగం చాలు. ‘బిటర్’ అని అడగండి, అది ఏల్‌లో ఒక రకం, నాలుగు శాతం ఆల్కహాల్‌కు అటూ ఇటూ ఉంటుంది. ముందు ఒక గుక్క రుచి చూపమంటే సంతోషంగా పోస్తారు.

శాకాహారులకు ఒక రహస్యం. ఏల్ తేటపడడానికి చాలామంది చేప లోపలి గాలితిత్తి నుంచి తీసిన పదార్థం వేస్తారు. అది మడ్డితోపాటు అడుగుకు దిగిపోతుంది, గ్లాసులోకి రాదనే చెప్పుకుంటారు. పట్టింపు ఉన్నవాళ్లు అడిగి తాగాలి. ఇప్పుడు అది వేయని ఏల్‌లు కూడా చాలా వచ్చాయి.

పప్పుచారు | మంగళవారం, రాత్రి 10:05

పదకొండేళ్లు! పదకొండేళ్లుగా చేప తాగుతున్నానా?

పీపాశాస్త్రి | మంగళవారం, రాత్రి 10:11

పాపం శమించుగాక. అన్నట్టు, ఇండియా పేల్ ఏల్ సంగతి కూడా మామగారికి చెప్పండి. ఈస్టిండియా కంపెనీ ఓడల్లో ఆఫ్రికా చుట్టూ తిరిగి నెలల తరబడి ప్రయాణం చేసి మన రేవులకు చేరిన బీరు అది. మొదట లండన్‌లో హాడ్జ్‌సన్ అనే ఆయన బ్రూవరీ నుంచి ఎక్కువగా వచ్చేది. 1820ల్లో బర్టన్ ఆన్ ట్రెంట్ అనే ఊరివాళ్లు రంగంలోకి దిగారు. బర్టన్ బావుల నీళ్లలో జిప్సం ఎక్కువ, చేదు స్ఫుటంగా పలుకుతుంది. పేరు మనది, నీళ్లు వాళ్లవి, తాగింది దొరలు.

రెడింగ్‌వాసి | బుధవారం, ఉదయం 8:20

రెడింగ్‌వాళ్లు అడిగారు కాబట్టి నాకు ప్రాణమైన చోటు ఒకటి చెప్పకుండా ఉండలేను. ఆల్డ్‌వర్త్ అనే ఊళ్లో ‘బెల్ ఇన్’. గోరింగ్ స్టేషన్లో దిగి, థేమ్స్ దాటి, రిడ్జ్‌వే అనే పాతకాలపు కాలిబాట వెంట గుట్టలెక్కి వెళ్తాను. ఒకే కుటుంబం రెండు వందల ఏళ్లకు పైగా నడుపుతోంది. అక్కడ పొడవాటి కౌంటరే ఉండదు, గోడలో చిన్న అద్దాల కిటికీ. అందులోంచి గ్లాసు అందిస్తారు. వంటల జాబితా అంటూ పెద్దగా లేదు. వేడి వేడి గట్టి రొట్టె చీల్చి లోపల చీజో మాంసమో పెట్టి ఇస్తారు. అంతే. కామ్రావాళ్లు 1990లో ఒకసారి, 2019లో మరోసారి దేశం మొత్తానికి ఉత్తమ పబ్బు అన్నారు. ఇరవై తొమ్మిదేళ్ల తేడాతో రెండుసార్లు గెలవడానికి వాళ్లు చేసిందేమిటి అంటే, ఏమీ మార్చకపోవడం.

సోమవారం మూసి ఉంటుంది. నేను ఎలా తెలుసుకున్నానో అడగకండి, ఆ రోజు వాన కూడా వచ్చింది.

పాతచింతకాయ | బుధవారం, రాత్రి 9:00

నెల్లూరమ్మాయి గారి మాట రెండుసార్లు చదివాను. దూబగుంట విషయంలో మీరు చెప్పింది నిజం, నా పోలిక తొందరపాటే. కానీ పిల్లవాడి విషయంలో నా మాట నాదే. ఇంకొకటి, గోదారిగట్టు గారూ, కారు ఎవరు నడుపుతారు? మన దేశంలో 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటకూడదు, ఇంగ్లండ్‌లో 80 వరకు వదిలేస్తారు. చట్టం వదిలేసిందని మలుపుల పల్లె రోడ్డు వదిలేయదు.

గోదారిగట్టు | బుధవారం, రాత్రి 9:25

మా ఆవిడ నడుపుతుంది. ఆవిడకు అల్లం బీరు. పేరులో తప్ప బీరు లేనిది.

గోదారిగట్టు | ఆదివారం, రాత్రి 10:30

వెళ్లి వచ్చాం. పబ్బు పేరు రాయను, పెద్దాయన ఇల్లు దాని వెనకే. గుమ్మం మీద రాజుగారి బొమ్మ, ఆకుల మధ్య ఓక్ చెట్టు. అది ‘రాయల్ ఓక్’ పేరున్న పబ్బుల్లో ఒకటని మాత్రం చెబుతాను, ఈ దేశంలో అవి వందల్లో ఉన్నాయి కాబట్టి పరవాలేదు. 1651లో యుద్ధం ఓడిన రెండో చార్లెస్ శత్రువులకు దొరక్కుండా ఓక్ చెట్టెక్కి దాక్కున్నాడట, అదీ బొమ్మ. మామగారు అక్కడే నిలబడి, “మన దగ్గర రాజు పారిపోతే ఆ పేరు దేనికీ పెట్టరు” అన్నారు.

బాబాయి గారు చెప్పినట్టే తలుపు తోయగానే అందరూ చూశారు. ఒక్క క్షణం. తర్వాత కుక్క వచ్చి అత్తగారి చీర కుచ్చిళ్లు వాసన చూసింది. ఆవిడ బిగుసుకుపోయారు. కుక్క యజమానురాలు, డెబ్బై దాటిన ఆవిడ, లేచి వచ్చి క్షమాపణ చెప్పి చీర అంచు గురించి అడిగింది. అత్తగారికి ఇంగ్లిష్ అంతంతమాత్రం. ఉప్పాడ అనే మాట అత్తగారు మూడుసార్లు చెప్పారు, ఆ పెద్దావిడ మూడుసార్లు తప్పుగా పలికింది. ఆ తర్వాత మా ఎవరి అవసరమూ రాలేదు. ఇద్దరూ పొయ్యి పక్కన కూర్చున్నారు.

భోజనం సంగతి. శాకాహార గ్రేవీ, నూనెలో కాల్చిన దుంపలు, తెల్ల క్యారెట్‌లాంటి పార్స్‌నిప్, గుడ్డు లేని నట్ రోస్ట్. అత్తగారి తీర్పు: “దుంపలు బాగున్నాయి. మిగతావాటికి ఉప్పు తెలుసు, కారం తెలియదు.” పక్క బల్లవారు తమ గోధుమరంగు ఊరగాయ అత్తగారికి కొంచెం రుచి చూపించారు. బెల్లం పాకంలో ముక్కలు వేసినట్టు తియ్యగా ఉంటే ఆవిడ ముఖం చూడాల్సింది. హార్స్‌రాడిష్ అనే తెల్లటి ముద్ద మాత్రం నచ్చింది. ఆవపిండిలా ముక్కుకెక్కింది. “ఇదొక్కటీ మనది” అన్నారు.

మామగారు సగం పైంటు బిటర్ తీసుకున్నారు. మొదటి గుక్కకు మాట్లాడలేదు. రెండో గుక్కకు, “చల్లారిన కషాయం” అన్నారు. సగానికి వచ్చేసరికి పంపు గొట్టం ఎంత పొడవు, నేలమాళిగ ఎంత లోతు అని అడగడం మొదలుపెట్టారు. పబ్బు నడిపే ఆయన విని, మెట్లు చూపించి కిందికి తీసుకెళ్లారు! పదిహేను నిమిషాలు ఇద్దరూ పైకి రాలేదు. వచ్చాక మామగారు పీపా వంపు కోణం గురించి నాకు పాఠం చెప్పారు. వంతుల విషయం మరచిపోలేదు, రెండోది నేనే కొన్నాను. గ్లాసు అడుగున మిగిలింది మామగారు వదిలేశారు, ఇష్టం లేక కాదు, కుండలో మజ్జిగ అడుగు వదిలినట్టు మడ్డి భయంతో.

పాతచింతకాయ గారికి: పిల్లవాడు పెరట్లో ఊరి పిల్లలతో ఆడుకున్నాడు. వాడికి గుర్తున్నది కుక్క పేరు, టాఫీ పుడ్డింగ్. అంతే.

పప్పుచారు | ఆదివారం, రాత్రి 10:42

ఆవకాయ సీసా ఏమైంది? అది చెప్పకుండా ఎంత రాసినా లాభం లేదు.

గోదారిగట్టు | సోమవారం, సాయంత్రం 6:15

సంచిలోనే ఉంది. బల్ల మీదికి రాలేదు, రెడింగ్‌వాసి గారు సంతోషించాలి. బయటికి వచ్చేటప్పుడు అత్తగారు ఆ సీసాను పెద్దాయన చేతిలో పెట్టారు. ఇవాళ ఆఫీసులో ఆయన నా కుర్చీ దగ్గరికి వచ్చి, రాత్రి చెడ్డార్ చీజ్, రొట్టెతో తిన్నానని, రెండు గ్లాసుల నీళ్లు తాగానని, మళ్లీ తిన్నానని చెప్పారు.

మామగారు వచ్చే వారానికి కొత్త పని పెట్టుకున్నారు. పబ్బు ఆయన మాటల మధ్యలో స్టోక్ రో అనే ఊళ్లో కాశీ మహారాజు తవ్వించిన బావి ఉందని చెప్పారట. ఎవరైనా చూశారా?

పీపాశాస్త్రి | సోమవారం, సాయంత్రం 7:00

చూశాను. రెడింగ్‌కు ఉత్తరాన, ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఉంది. ఆ దగ్గరలోని ఇప్స్‌డెన్ ఊరివాడైన రీడ్ అనే అధికారి మన దేశంలో పనిచేస్తూ, తమ వైపు పల్లెల్లో నీటికి ఎంత కటకటో కాశీ రాజుకు చెప్పాడు. ఇంట్లో మిగిలిన చివరి నీళ్లు తాగినందుకు తల్లి పిల్లవాణ్ణి కొట్టిందన్న ముచ్చట రాజుకు గుర్తుండిపోయి, ఆయనే డబ్బు పంపించాడు. 1864లో తెరిచారు. లోతు 368 అడుగులు, మొత్తం మనుషులు చేత్తో తవ్విందే. కుతుబ్ మినార్‌ను దింపినా నూట ముప్పై అడుగులు ఖాళీ మిగులుతుంది. పైన గోపురం, కింద నీళ్లు తోడే యంత్రం మీద బంగారు రంగు ఏనుగు బొమ్మ. అదే ఊళ్లో పబ్బులు కూడా ఉన్నాయి, చెప్పనక్కర్లేదు కదా.

గోదారిగట్టు | సోమవారం, సాయంత్రం 7:20

368 అడుగులని చదివి వినిపించాను. వెడల్పు ఎంత, గోడకు ఇటుక కట్టారా, మట్టి పైకి ఎలా తోడారు అని అడుగుతున్నారు. కొలత టేపు ఎక్కడుందని ఇల్లంతా వెతుకుతున్నారు.